బిరడా బాబాయి ఎడమ జేబు

రేవు పక్కన టార్పాలిన్లు కుట్టుకునే బిరడా బాబాయికి లోకంలో ఎవరు ఎదురైనా అడగడానికి ఒకటే ప్రశ్న ఉండేది: "బిరడా బిగించావా?"

పడవ వెనకవైపు, అడుగుకి దగ్గరగా, బొటనవేలు దూరేంత చిల్లు ఒకటి ఉంటుంది. ఒడ్డుకొచ్చాక లోపల చేరిన నీళ్లు కారిపోవడానికి. మళ్లీ దించేముందు దానికి బిరడా బిగించాలి. మరిచిపోతే మనం పడవలో ఉండగానే పడవ స్నానానికి దిగుతుంది. కాబట్టి పడవ దించేవాళ్లని ఆ మాట అడగడంలో తప్పేమీ లేదు. బాబాయి అక్కడితో ఆగి ఉంటే ఉత్త బాబాయిగానే మిగిలిపోయేవాడు.

పళ్ల డాక్టరు "నోరు తెరవండి" అంటే తెరిచి, అదే అడిగాడు. మంగలి మెడ మీద కత్తి పెట్టినప్పుడు అడిగాడు. కత్తి ఆగింది. పెళ్లికారు ఎక్కుతున్న పెళ్లికొడుకుని అడిగితే, ఆ కుర్రవాడు కంగారుగా ఒళ్లంతా తడుముకున్నాడు.

"ఏ బిరడా బాబాయ్?" అంటారు జనం.

"ఏదో ఒకటి ఉంటుందిగా. ఫ్లాస్కుదో, నూనె సీసాదో. బిరడా లేని కొంప ఏదుంది?"

పోనీ కదా అని తల ఊపి తప్పించుకుందామంటే కుదరదు. సోడాబుడ్డి కళ్లద్దాల్లోంచి మొహంలో మొహం పెట్టి, "తల ఊపుళ్లు నాకొద్దు. నోటితో చెప్పు" అంటాడు. బిగించానని బిగ్గరగా చెప్పేదాకా ఆయన కదలడు, మనల్ని కదలనివ్వడు.

ఆయన పాంటు ఆయనే కుట్టుకున్నాడు. జేబులు మోకాళ్ల దాకా ఉంటాయి. కుడి జేబు నిండా బిరడాలు. ఇత్తడివి, రబ్బరువి, చెక్కవి, ఏ కాలం నాటివో తుప్పు పట్టినవి. నడుస్తుంటే మెడలో గంటలు కట్టిన ఎద్దు వస్తున్నట్టు ఉండేది. ఎడమ జేబులో కూడా కొన్ని ఉండేవి. ఆ జేబు జోలికి మాత్రం ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. "అది బాబాయి లాకరు" అనేవాడు మోటార్ల మెకానిక్. "అందులో ఏముందో ఆయన దర్జీ మిషనుకి కూడా తెలీదు."

నీళ్ల మేడం ఆ రేవుకి వచ్చిన మొదటి రోజే ఈ ప్రశ్నకి దొరికిపోయింది.

అప్పటికి ఆమెకి నీళ్ల మేడం అన్న పేరు రాలేదు. జలాశయంలో అక్కడా ఇక్కడా సీసాలతో నీళ్లు పట్టి పరీక్షకి తేవడం ఆమె కొత్త ఉద్యోగం. అంతకుముందు ఇద్దరు చేసే పని. ఒకాయన రిటైరయ్యాడు, రెండో ఆయన బదిలీ చేయించుకున్నాడు. ఆఫీసు ఆమెకి ఒక జీపు, జీపు వెనక ట్రైలరు, ట్రైలరు మీద చిన్న మోటారు పడవ ఇచ్చి, మిగతాది దేవుడికి వదిలేసింది.

ట్రైలరుని ముందుకి లాగడంలో ఏమీ లేదు. బుద్ధిగా వెంట వస్తుంది. వెనక్కి నెట్టాలంటేనే అత్తాకోడళ్ల వ్యవహారం. జీపు కుడికి అంటే ట్రైలరు ఎడమకి అంటుంది. పోనీలే అని ఎడమకి తిప్పితే రెండూ కలిసి మధ్యలో మడతపడి మొహాలు చూసుకుంటాయి. రేవులో నీళ్లలోకి దిగే సిమెంటు వాలు మీద ఆమె జీపు అలా అడ్డంగా నిలబడిపోయింది. వెనక చేపల గాలాలు వేసుకునే వాళ్ల బళ్లు బారు తీరి హారన్లు కొడుతున్నాయి.

ఆ గోలలోంచి గంటల చప్పుడు దగ్గరికొచ్చింది.

"నేను చెప్తా, నువ్వు తిప్పు!" అని కేకేశాడు బాబాయి. "కుడికి! కుడికి!"

"ఏ కుడి అండీ? మీ కుడా, నా కుడా?"

"నా కుడి! కాదు, నీ కుడి! ఆగాగు, పడవ కుడి!"

"పడవకి ఏది కుడి?"

"అది దాన్నే అడగాలి. సరే, తిన్నగా రా. వచ్చెయ్, వచ్చెయ్, దారి బోలెడంత ఉంది."

ఖంగుమని చప్పుడైంది. ట్రైలరు దీపస్తంభాన్ని గుద్దుకుంది.

"ఇక్కడ స్తంభం ఎప్పుడు వేశారు?" అన్నాడు బాబాయి నిజంగా ఆశ్చర్యపోయి.

"నీ పెళ్లికి ముందే వేశారు బాబాయ్!" అని అరిచింది టీ కొట్టు అక్క అవతల్నుంచి.

ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. చివరికి మెకానిక్ వచ్చి పడవ దింపిపెట్టాడు. ఆమె ఎక్కి మోటారు తాడు లాగబోతుంటే, బాబాయి నీళ్ల అంచు దాకా వచ్చి ఆగాడు. పాదం తడవకుండా ఆగే చోటు ఆయనకి బాగా తెలుసు.

"బిరడా బిగించావా?"

ఆమె తల ఊపింది.

"నోటితో చెప్పు."

"బిగించానండీ!"

"అదీ!" అన్నాడు. అని, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, గంటలు మోగించుకుంటూ మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె అద్దెకున్న గది, మూసేసిన ఫోటో స్టూడియో మీద ఉండేది. కింద షట్టరు ఎప్పుడూ దించే ఉంటుంది. ఇంటాయన వేరే ఊళ్లో ఉంటాడు. వచ్చిన కొత్తలో ఆమె రెండు కుర్చీలు కొంది. ఎవరైనా వస్తే ఒక్క కుర్చీ అయితే బాగుండదని. ఎవరూ రాలేదు. రెండో కుర్చీలో సంచీ కూర్చునేది. ఆమె తింటుంటే సంచీ ఆమెకేసి చూస్తూ ఉండేది.

పై ఆఫీసరు ఫోను చేశాడు. స్తంభం సంగతి ఆయన చెవిన పడింది. చెడ్డ కబురుకి ట్రైలరు అక్కర్లేదు కదా, దానంతట అదే వెళుతుంది.

"చూడండమ్మా, ఈ నెలాఖరుకి నేనే స్వయంగా వస్తాను. పడవ ఒక్కరే దించాలి, ఒక్కరే తిరిగి ట్రైలరు ఎక్కించాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మీ వల్ల అయితే సరే. లేదంటే పడవ పని కాంట్రాక్టుకి ఇచ్చేస్తాం. మీరు మళ్లీ రికార్డు గదికి వచ్చేద్దురుగాని. మీ కుర్చీ అక్కడే ఉంది."

రికార్డు గది నేలమాళిగలో ఉంటుంది. కిటికీ లేదు. గోడకి ఎప్పటిదో ఒక క్యాలెండరు, దాని మీద ఒక సరస్సు బొమ్మ. ఆ గదిలో ఉన్నన్నేళ్లూ ఆమె ఆ సరస్సునే చూసేది. బతిమాలి బామాలి, అర్జీ మీద అర్జీ పెట్టి తెచ్చుకున్న ఉద్యోగం ఇది. ఇక్కడ తోడు లేకపోతే లేకపోయింది, నిజం సరస్సు ఉంది. దాన్ని పోగొట్టుకుని మళ్లీ బొమ్మ దగ్గరికి పోవడం అన్న ఊహకే ఆమెకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాటి నుంచి పంతం పట్టింది. మెకానిక్ రెండు ముక్కల్లో రెండు సంగతులు చెప్పాడు. ఒకటి: "నాటకానికి వేషం స్టేజీ ఎక్కాక వేసుకుంటారా మేడం? సింగారమంతా తెర వెనకే కానివ్వాలి. బెల్టులు విప్పడం, బిరడా బిగించడం, ముందుకొసకి తాడు కట్టడం, సీసాలు సర్దడం, అన్నీ ఆ పక్కన మైదానంలో చేసుకుని అప్పుడు వాలు మీదికి రండి. వెనక జనం మిమ్మల్ని తిట్టుకోరు." రెండోది: "స్టీరింగు కింది భాగం పట్టుకోండి. ట్రైలరు వెనక ఎటు పోవాలో మీ చెయ్యి అటు జరపండి. కుడి ఎడమలు మరిచిపోండి. బాబాయి చెప్పేవి అసలే మరిచిపోండి."

సంత జరగని రోజుల్లో సంత మైదానం ఖాళీగా ఉండేది. సాయంత్రాలు అక్కడికి జీపు తీసుకెళ్లి, ఇటుకలు వరసగా పేర్చుకుని, వాటి మధ్యలోంచి ట్రైలరు నెట్టేది. మొదట్లో ఇటుకలు పిండయ్యాయి. తరవాత తరవాత బతికాయి.

చెయ్యి కుదిరినా తల కుదరడానికి ఇంకొంచెం టైం పట్టింది. ఒకరోజు జీపు నీటుగా, తిన్నగా వాలు దిగింది. ట్రైలరు మునిగింది. పడవ తేలడం లేదు. ఆమె ఇంకాస్త వెనక్కి పోనిచ్చింది. పడవ తేలింది గానీ, ట్రైలరుని కూడా ఎత్తుకుని తేలింది! చూస్తే వెనక బెల్టు విప్పనేలేదు. ఆనకట్ట మీద గాలాల వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"బిరడా ఉందా?" అన్నాడు బాబాయి.

"ఉంది బాబాయ్! బెల్టే విప్పలేదు!"

"బెల్టుదేముంది, విప్పుకోవచ్చు. బిరడా ఉందిగా!" అని, ఆమె పరీక్ష నెగ్గినంత సంబరంగా చెప్పాడు.

ఇంకోసారి అసలు బిరడానే పోయింది. పడవ గట్టెక్కించి, నీళ్లు కారడానికి బిరడా తీస్తే, అది వేళ్లలోంచి జారి, వాలు మీద దొర్లుకుంటూ జలాశయంలోకి పోయింది. మర్నాడు పొద్దున్నే ఆమె బాబాయి మిషను ముందు నిలబడింది.

"ఒక బిరడా ఇవ్వండి బాబాయ్."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లకి ఒకళ్లు అడిగారు. కుడి జేబులోంచి గుప్పెడు తీసి కుట్టుబల్ల మీద పోశాడు. అందులో ఎర్ర రబ్బరు బిరడా ఒకటి ఆమె కంటపడింది. కొలిచి చేసినట్టు సరిగ్గా తన పడవ చిల్లుకి సరిపోయేదే.

"ఇది ఇవ్వండి."

బాబాయి దాన్ని చటుక్కున లాక్కున్నాడు. "అది కాదు. అది ఇవ్వను."

"ఎందుకని?"

"దానికి వేరే పనుంది."

"బిరడాకి బిరడా పని కాక ఇంకేం పనుంటుంది బాబాయ్?"

"ఉంటుంది. ఇదుగో ఈ ఇత్తడిది తీసుకో, మంచిది."

ఇత్తడిది కాస్త సన్నం. ఆయనే దాని చుట్టూ రబ్బరు పీలిక చుట్టి, కదలకుండా దారం కట్టి ఇచ్చాడు. ఆమె తీసుకుంది గానీ, మనసులో మాత్రం పిసినారి అనుకుంది. ఎర్రదాన్ని ఆయన గుడ్డతో తుడిచి జేబులో వేసుకోవడం చూసి, కాస్త పిచ్చి కూడా అనుకుంది.

ఆ ఊళ్లో ఆమెతో రోజూ మాట్లాడేది ఆయన ప్రశ్న ఒక్కటే. టీ కొట్టు అక్క గ్లాసు అందిస్తూ నవ్వేది, మెకానిక్ ఉంటే ఉండేవాడు లేకపోతే లేడు. ఆదివారం రేవు లేదు కాబట్టి అది కూడా ఉండేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదని ఆమెకి హఠాత్తుగా తట్టింది. గొంతు ఉందో లేదో చూద్దామని "ఉప్పు తక్కువైంది" అంది పైకే. సంచీ ఏమీ అనలేదు.

సోమవారం పొద్దున్న, "బిరడా బిగించావా?" అంటే, "బిగించాను" అన్న ఆమె జవాబు తుప్పు పట్టిన గొళ్లెంలా కిర్రుమంది.

"గొంతేమైంది?" అన్నాడు బాబాయి.

"ఏం లేదు బాబాయ్. నిన్న వాడలేదు."

ఆయన "అదీ!" అనకుండానే మిషను కేసి తిరిగాడు. అది వింతే గానీ, పడవ దించే హడావిడిలో ఆమె పట్టించుకోలేదు.

ఆ వచ్చిన ఆదివారం ఆమె పైన బట్టలు ఆరేస్తుంటే వీధిలో గంటల చప్పుడైంది. కింద బాబాయి నిలబడి, తల పైకెత్తి, పక్కింటి బాల్కనీ కేసి చూస్తూ అరుస్తున్నాడు.

"బిరడా బిగించావా?"

"ఇటు బాబాయ్, ఇటు! ఇవాళ ఆదివారం కదా, పడవ లేదుగా!"

ఆయన మొహం గొంతు వచ్చిన వైపు తిరిగింది. "అయితే నూనె సీసాకి?"

ఆమె వంటగట్టు కేసి చూసింది. నిజంగానే మూత తీసి ఉంది. వెళ్లి పెట్టి వచ్చింది. "బిగించాను!"

"సరే" అన్నాడు. అని అటునుంచి అటే వెళ్లిపోయాడు. పని మీద అటుగా వచ్చాడేమో అనుకుంది. తరవాతి ఆదివారం కూడా అలాగే పని మీద వచ్చాడు.

నెలాఖరు వచ్చింది. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో ఆఫీసరు దిగాడు. సింగారమంతా ఆమె పక్క మైదానంలోనే ముగించి పెట్టింది. జీపెక్కి, స్టీరింగు కింద పట్టుకుని, ట్రైలరుని గీత గీసినట్టు వాలు మీదికి దింపింది. హ్యాండు బ్రేకు వేసి, కిందికి దిగి, పడవ ముక్కుని పట్టుకున్న కొక్కెం అప్పుడు విప్పింది. అంతకుముందు విప్పితే పడవ సిమెంటు మీదే జారిపోతుందని ఆమెకి తెలుసు, ఎలా తెలుసో చెప్పదు. ఒక్క తోపు తోసింది. పడవ మెత్తగా నీళ్లలోకి జారింది. తాడు రాటకి కట్టి, జీపుని పైన పెట్టి వచ్చింది. ఆనకట్ట మీద గాలాల వాళ్లు ఎవరూ నవ్వలేదు. వాళ్ల మొహాల్లో కాస్త నిరాశ కూడా కనిపించింది.

ఆఫీసరు పడవెక్కి కూర్చున్నాడు. గంటలు మోగాయి.

"బిరడా బిగించావా?"

"బిగించాను బాబాయ్!"

"మీరండీ?"

"నేనా?" అన్నాడు ఆఫీసరు. ఆమె కేసి తిరిగి, "ఎవరీయన?" అన్నాడు.

"చెప్పెయ్యండి సార్. చెప్పకపోతే వదలరు."

ఆఫీసరు విసుగ్గా తల ఊపాడు.

"నోటితో చెప్పండి."

"పోనివ్వండమ్మా పడవ!" అన్నాడు ఆఫీసరు. మోటారు అందుకుంది. వెనక బాబాయి, చొక్కా అంచు తడుముకుంటూ, చిన్నబోయి నిలబడి ఉండటం ఆమె చూసింది.

అవతలి ఒడ్డు దాకా బాగానే జరిగింది. సీసాలు నిండాయి. తిరిగి వస్తుంటే మోటారు పంకాకి నాచుతీగ చుట్టుకుని, గురక పెట్టి ఆగిపోయింది. ఆమె మోటారు పైకెత్తి, కత్తెరతో తీగంతా కోసి తీసింది. ఈలోగా మబ్బు కమ్మి వాన మొదలైంది. మోటారు ఎంత లాగినా దగ్గుతుంది తప్ప పలకదు. పడవలో ఉన్నవి రెండు తెడ్లు. ఒకటి ఆమె తీసుకుంది. రెండోది ఆఫీసరుకి ఇచ్చింది.

"నేనా?" అన్నాడు ఆయన. ఆ రోజు అది ఆయనకి రెండోసారి.

ఆయన అటు తోస్తే ఆమె ఇటు తోసింది. పడవ గానుగెద్దులా ఉన్నచోటే తిరిగింది. కాసేపటికి ఇద్దరికీ లయ కుదిరింది గానీ, అప్పటికి సాయంత్రపు వెలుగు కూడా పోతోంది. వాన తెరలో ఒడ్డు ఎటుందో తెలియడం లేదు. అంతా ఒకే బూడిద రంగు. ఆఫీసరు మెరిసే బూట్లలో నీళ్లు నిండాయి.

ఈ వానకి రేవులో అందరూ ఎప్పుడో ఇళ్లకి పోయి ఉంటారు అనుకుంది ఆమె. తను ఇంకా రాలేదని ఎవరికి తెలుసు? గదిలో ఉన్నది సంచీ ఒక్కటే.

అప్పుడు వినిపించింది. సన్నగా, దూరంగా.

"బిరడా... బిగించావా...?"

ఆమె తెడ్డు ఆపి చెవి ఒగ్గింది. మళ్లీ అదే కేక.

"అటు సార్! ఆ గొంతు వైపు!"

పడవ ఆ ప్రశ్నని పట్టుకుని కదిలింది. దారి తప్పినప్పుడల్లా వానలోంచి మళ్లీ వచ్చేది, విసుగు లేకుండా, కొత్తగా అడుగుతున్నట్టు. చివరికి వాలు కనిపించింది. దాని చివర, టార్పాలిన్ ముక్క నెత్తిన కప్పుకుని, నీళ్లంటే ఆమడ దూరం పోయే బాబాయి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"బిగించాను బాబాయ్!" అని అరిచింది ఆమె.

"నీ గొంతే. రెండోది ఏది?"

ఆఫీసరు తెడ్డు పట్టుకుని ఆమె కేసి చూశాడు.

"రెండోది ఏదీ? ఇద్దరు వెళ్లారు!" బాబాయి గొంతులో అంత కంగారు ఆమె ఎప్పుడూ వినలేదు.

"బిగించాను! బిగించానండీ!" అని అరిచాడు ఆఫీసరు, రేవంతా దద్దరిల్లేలా.

"అదీ!" అన్నాడు బాబాయి.

ఆమె జీపు తెచ్చి, దీపాలు వేసి, వానలోనే ట్రైలరుని వెనక్కి దించింది. పడవ ముక్కుకి కొక్కెం తగిలించి చేతిచక్రం తిప్పుతుంటే, ఆఫీసరు సాయానికి ముందుకొచ్చాడు. "వద్దు సార్. ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నారుగా" అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పడవ ట్రైలరు చెక్కల మీదికి ఎక్కి, బుద్ధిగా నడిమధ్య కూర్చుంది. ముక్కుకి గొలుసు వేసి, జీపుని మెల్లగా పైకి లాగింది. బిరడా తీస్తే వాననీళ్లు కారిపోయాయి. ఈసారి బిరడాని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. బెల్టు బిగించింది.

జీపు దీపాల వెలుగులో బాబాయి ఎడమ జేబులోంచి ఏదో తీసి, కుడి జేబులోకి మారుస్తున్నాడు. ఎర్ర రబ్బరు బిరడా. దాని వెనకే ఇంకోటి, చిన్నది, తెల్లది.

"ఏంటది?" అన్నాడు ఆఫీసరు.

బాబాయి అరచెయ్యి చాపి చూపించాడు. చొక్కా గుండీ. "ఇది మీరు."

"నేనా?"

"పొద్దున్న మీరు నోరు విప్పలేదు. బిరడా ఇవ్వబుద్ధి కాలేదు. నా చొక్కా గుండీ పీకి వేశా."

అని గుండీని భద్రంగా కుడి జేబులో పడేసి, ఎడమ జేబు ఒకసారి లోపల్నుంచి బయటికి లాగి, ఖాళీయేనని తడిమి చూసుకుని, "ఇక నేను పోతా. ఆకలి దంచేస్తోంది" అంటూ గంటలు మోగించుకుంటూ వెళ్లిపోయాడు.

టీ కొట్టు ఒక రెక్క తీసే ఉంది. అక్క ఇద్దరికీ వేడి టీ ఇచ్చింది.

"ఆయనకి ఆ స్తంభమే కనపడదు చెల్లీ, నీళ్ల మీద మనిషేం కనపడతాడు?" అంది. "అందుకే గొంతులు వింటాడు. పోయేటప్పుడు ఒక గొంతు పలికిందంటే, ఆ మనిషి బిరడా కుడి జేబులోంచి ఎడమ జేబులోకి పోతుంది. తిరిగొచ్చి పలికితే మళ్లీ కుడిలోకి. ఎడమ జేబు ఖాళీ అయ్యేదాకా ఇంటికి పోడు. జ్వరమొచ్చినా పోడు. ఒకసారి గాలాల వాడొకడు చెప్పకుండా అవతలి ఒడ్డున దిగి బస్సెక్కి పోతే, పాపం, తెల్లారేదాకా ఇక్కడే."

"ఈ సంగతి ఎవరికీ తెలీదా?"

"నాకు తెలుసు. చెప్తే ఊరుకోడు. జనం జాలిపడి ముందే వచ్చేస్తారట, చేపలు దొరకవట. నువ్వొచ్చిన రోజే మా డబ్బాలన్నీ గిలకొట్టి ఆ ఎర్రది ఏరి పట్టుకెళ్లాడు. కొత్త గొంతు వచ్చిందన్నాడు."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఈ ఊళ్లో తనకి ఎవరూ లేరని వచ్చినప్పటి నుంచీ అనుకుంటూనే ఉంది. ఇన్నాళ్లూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తను ఒకాయన ఎడమ జేబులో ఉంది. ఆ ఎర్రదే ఇమ్మని పేచీ కూడా పెట్టింది.

ఆఫీసరు టీ తాగి, బూట్లలో నీళ్లు వంపుకుని, కారెక్కబోతూ ఆగాడు. "రికార్డు గదిలో మీ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేస్తాలెండి" అన్నాడు.

ఆ తరవాత నీళ్ల మేడం చేసిన మొదటి పని, బాబాయిని కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లడం. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, ముందు ఒకటి తీసేద్దామన్నాడు డాక్టరు. బాబాయి ససేమిరా అన్నాడు. రేవులో ఎవరుంటారని. చివరికి రేవుకి సెలవైన ఆదివారం నాడు అయితేనే వస్తానని ఒప్పుకున్నాడు. దానికి ముందు ఆయన ఆమె రెయిన్‌కోటు పట్టుకెళ్లి, "ఎడమవైపు జేబు లేనిది కూడా ఒక కోటేనా?" అని తిట్టి, మోకాళ్ల దాకా దిగే జేబు కుట్టి తెచ్చాడు.

ఆసుపత్రిలో నర్సు పళ్లెం పట్టుకొచ్చింది. "జేబుల్లో ఏమున్నా ఇందులో పెట్టండి తాతా."

బాబాయి కుడి జేబు వంచాడు. పళ్లెం నిండి, పొర్లి, నేల మీద కూడా దొర్లాయి.

"ఇవేంటి?" అంది నర్సు బెదిరిపోయి.

"మా రేవు జనం."

"ఎడమ జేబు?"

"ఖాళీ. నీళ్ల మీద ఎవరైనా ఉంటే నేను ఇక్కడికి వస్తానా?"

జనాన్నంతా ఏరి ఆమె తన సంచీలో పోసుకుంది. ఆ సంచీకి ఇన్నాళ్లకి బరువు తెలిసింది. బాబాయిని లోపలికి తీసుకుపోతున్నారు. ఆయన మొహంలో, పాదం నీళ్లకి తగిలినప్పటి బెదురు ఉంది.

"బాబాయ్" అని పిలిచింది ఆమె. "బిరడా బిగించారా?"

ఆయన ఆగి తల ఊపాడు.

"తల ఊపుళ్లు నాకొద్దు. నోటితో చెప్పండి."

"బిగించానే తల్లీ!" అన్నాడు, ఆసుపత్రి గోడలు అదిరేలా. నర్సు 'ష్' అంది.

తలుపు మూసుకుంది. ఆమె సంచీలోంచి, పొద్దున్న ఆయన కుట్టుబల్ల మీంచి ఎవరూ చూడకుండా తీసిన వస్తువొకటి బయటికి తీసింది. సూది గుచ్చుకోకుండా దర్జీలు వేలికి తొడుక్కునే ఇనప అంగుస్తాను. దాన్ని రెయిన్‌కోటు కొత్త ఎడమ జేబులో వేసుకుని, తలుపు ముందున్న బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి అక్కడ కూర్చున్న మిగతా వాళ్లందరూ వెళ్లిపోయారు. ఆమె కదల్లేదు.

తలుపు తెరుచుకుని, ఒక కంటికి కట్టుతో బాబాయి బయటికొచ్చాడు. "ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నా బాబాయ్. బిరడా తీశారా?"

"తీశాను."

ఆమె అంగుస్తానుని ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసింది. అది అక్కడున్న జీపు తాళాలకి తగిలి టింగుమంది. బాబాయి మెడ నిక్కించాడు.

"ఆగు. ఆ చప్పుడు నా అంగుస్తానుది కదూ? పొద్దున్నంతా బల్ల కింద దూరి వెతికాను. దొంగపిల్లా!"

ఆమెకి నవ్వాగలేదు. ఆయన కాసేపు మూతి ముడుచుకుని నిలబడి, తరవాత చెయ్యి చాపి ఆమె భుజం వెతికి పట్టుకున్నాడు.

"సరేలే. ఎడమ జేబు ఖాళీ అయిందిగా? పద, ఇంటికి పోదాం."